జానెడు మసక

పొద్దున ఏడు కొట్టకముందే షాహిదాబీ రేకుల షెడ్డు తలుపు తీసి రెండు బకెట్ల నీళ్ళు పట్టుకునేది. ఒకదాంట్లో సబ్బు నీళ్ళు, ఒకదాంట్లో ఉత్త నీళ్ళు. ఉత్త నీళ్ళలో వాటర్ పేపరు ముక్కలు నానేసేది. ఉప్పు కాగితం లాంటిదే గానీ తడిపినా చినగని నల్ల కాగితం అది. నాలుగు వందల నంబరుది చేతికి గీరుకునేంత బరక. రెండు వేల నంబరుదైతే పసిబిడ్డ చెంప. అవి నానేలోపల టీ తాగి, కొంగు బిగించి, పీట వేసుకుని కూర్చునేది.

ఆమె దగ్గరికి వాడి పారేసిన చేపల తొట్లు వచ్చేవి. గాజువి కాదు, అక్రిలిక్‌వి. అల్లూరు నుంచి సముద్రం దాకా ఉన్న రొయ్యల హేచరీల్లో మూతపడినవాటి నుంచి కొన్ని, నెల్లూరులో పెద్దోళ్ళ ఇళ్ళ నుంచి కొన్ని. వచ్చేటప్పుడు విరిగిన పాలలాగా తెల్లగా, అవతల ఏముందో తెలియకుండా ఉండేవి. పొయ్యేటప్పుడు అక్కడ తొట్టి ఉందా లేదా అని చెయ్యి పెట్టి చూసుకోవాల్సినంత తేటగా ఉండేవి. ఈ పని ఆమెకి భర్త దరియావలి నేర్పినాడు. ఆయన పోయి పదకొండేళ్ళు.

ఆమె రుద్ది తీసేసిన గీతలు ఎక్కడికీ పొయ్యేవి కావు. ఆమె అరచేతిలోకి వచ్చేవి. ఇన్నేళ్ళకి రెండు అరచేతులూ, వేళ్ళ కొసల దాకా, తిరిగి రాయడానికి చోటు లేని పలకలాగా అయినాయి. రేషను మిషను ఆమె బొటనవేలు చూసి ఎర్రలైటు వేసేది. డీలరు కూడా విసుక్కునేవాడు కాదు. "బీబమ్మకి కన్ను పెట్టండ్రా" అని కంటి మిషను ఆమె వైపు తిప్పేవాడు.

గీత చేతిలోకి వచ్చేటప్పుడు, దాన్ని గీసిన చెయ్యి ఎట్టాంటిదో ఆమెకి తెలిసేది. ఉంగరం పెట్టుకున్న చెయ్యా, జ్వరంతో ఉన్న చెయ్యా, ఇనుపపీచు పట్టుకుని ఎప్పుడు ఇంటికి పోదామా అని తోముతున్న చెయ్యా, అన్నీ. గీత ఇటు వచ్చేస్తే అటు గీసిన చెయ్యి ఆ పనిని మర్చిపొయ్యేది. ఎదురింటి సంజీవరావు ఒకసారి కోపంలో పెళ్ళాం మీదికి తాళాల గుత్తి విసిరితే అది పోయి చేపల తొట్టికి తగిలింది. షాహిదాబీ ఆ గీత తీసేసినాక ఆయన ఆ గొడవ సంగతే మర్చిపోయినాడు. గొడవతోపాటు విసరడం కూడా మర్చిపోయినాడు. ఆ రోజు నుంచి అరటితొక్క కూడా విసరలేక, చెత్తకుప్ప దాకా నడుచుకుంటా పోయి కింద పెట్టి వచ్చేవాడు.

ఆయన భార్య వెంకటశేషమ్మ మాత్రం షెడ్డుకి వచ్చినప్పుడల్లా ఎత్తిపొడిచేది.

"నీకేం బీబమ్మా, గీత తీసేసి చక్కగా కూర్చున్నావు. ఆయనకి గుర్తే లేదు. 'నేనెప్పుడన్నా నీ మీద చెయ్యెత్తినానా శేషూ' అని అడుగుతాడు, పసిపిల్లోడి మాదిరి. ఇప్పుడు ఆ సంగతి గుర్తుండేది నా ఒక్కదానికే."

"మంచిదే గదా శేషమ్మా, మనిషి మారినాడు."

"మారినాడు. నాతో చెప్పకుండా మారినాడు."

ఆ మాటలో ఏముందో షాహిదాబీకి అప్పట్లో అర్థం కాలేదు. నవ్వి ఊరుకునేది.

తొమ్మిదేళ్ళ కిందట అబిగయీలు పని నేర్చుకుంటానని వచ్చింది. చర్చి వెనక వీధి పిల్ల, అప్పటికి పాతికేళ్ళుంటాయి. చిన్నప్పుడు చర్చి తలుపులో పడి నలిగిన కుడిచేతి చిటికెన వేలు వంగేది కాదు, ఎప్పుడూ పైకి లేచే ఉండేది. మొదటి రోజు వాటర్ పేపరు చేతికిస్తే, గరుకు వైపు తన అరచేతికి పెట్టుకుని రుద్దబోయింది.

"తిప్పి పట్టుకో" అంది షాహిదాబీ. ఆమె నేర్పిన మొదటి మాట అది. రెండోది, "ఇది గాజు కాదు పాపా. గాజుకి చేసే పనులు దీనికి చెయ్యబాకు. ముఖ్యంగా రంగులు కడిగే తిన్నర్ తగలనియ్యబాకు. తగిలిందా, ఒళ్ళంతా నెర్రెలు ఇస్తది." ఆ తరవాత చెయ్యి నేర్పింది. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, వేసిన పట్టీ మీద సగం పడేటట్టు ఇంకో పట్టీ. ఒక్కచోటే రుద్దితే గుంట పడి చేప మొహం వంకరగా కనబడుద్ది.

అబిగయీలు ఊరికే నేర్చుకోలేదు. రుద్దేటప్పుడు తొట్టి మీద తెల్లగా పాలలాంటి నీళ్ళు కారతాయి. ఆ పాల మీద వేలితో "అ" రాసి, "ఇదేంది చెప్పు బీబమ్మా" అనేది. షాహిదాబీ చిన్నప్పుడు బడి మొహం చూడలేదు. యాభై దాటినాక, చేపల తొట్ల మీద, అక్షరాలు నేర్చుకుంది. రాసింది రాసినట్టే తుడుచుకుపొయ్యే పుస్తకం. "యీ" అనే అక్షరం ఎంతకీ పట్టుబడలేదు. "అది నా పేర్లో ఉంది, రాకపోతే ఊరుకోను" అని అబిగయీలు నలభైసార్లు రాయించింది. దినపత్రికలో పెద్ద అక్షరాలు కూడబలుక్కుని చదివిన రోజు షాహిదాబీ వీధిలోకి పోయి శేషమ్మకి చదివి వినిపించింది.

ఏడాదికి ఒకసారి అబిగయీలు అడిగేది, "బీబమ్మా, నా చెయ్యి ఎట్టుంది?"

"ఇంకా కొంచెం బరువుంది. ఒక్కదానివే తొట్టి చెయ్యాలంటే ఇంకో ఏడాది ఆగు."

ఆగేది.

ఈ ఎండాకాలం నరేంద్రబాబు ఆరడుగుల తొట్టి ఒకటి ట్రాలీలో వేసుకొచ్చినాడు. కావలి బైపాసు మీద కొత్త హోటలు కడుతున్నాడాయన. తొట్టి మూతపడిన హేచరీ ఆఫీసులోది. "వచ్చే గురువారం కాదు, ఆ పై గురువారం ఓపెనింగు. తలుపు తియ్యంగానే ఇదే కనబడాల. ఇది బాగుంటే మిగతా గదుల్లో తొట్లు కూడా నీకే" అన్నాడు.

"చేపలకూర తినేవాళ్ళు చేపల మొహం చూస్తా తినాలేమో" అంది అబిగయీలు, ఆయన పోయినాక. ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

ఎనిమిది రోజులు పట్టింది. నిమ్మరసంతో ఉప్పు పొర తీసినారు. నాలుగు వందలు, ఎనిమిది వందలు, పదిహేను వందలు, రెండు వేలు. తరవాత మిషనుకి ఉన్ని చక్రం బిగించి, పేస్టు రాసి, వేడెక్కనియ్యకుండా మెల్లగా. ఆఖరున దరియావలి పాత లుంగీ ముక్కతో తుడిచింది షాహిదాబీ. శుక్రవారం పొద్దున తొట్టి అవతల నిలబడిన అబిగయీలు నేరుగా గాలిలో నిలబడినట్టు కనబడింది.

"అయిపోయింది పాపా."

"అయిపోయింది" అంది అబిగయీలు. నవ్వలేదు.

శుక్రవారం మధ్యాహ్నం షాహిదాబీ నమాజుకి ఇంటికి పొయ్యేది. తాళం చెవి అబిగయీలు దగ్గరే ఉండేది. ఆ రోజు తిరిగి వచ్చేసరికి చెవి మేకుకి వేలాడుతూ ఉంది, అబిగయీలు లేదు. తొట్టి ముందు పలక మీద, వెనక పలక మీద, సాలెగూడు పరిచినట్టు సన్న నెర్రెలు. పలకలు మొత్తం పొగ.

ఆమె పీట మీద కూలబడింది. తిన్నర్ వాసన ఉంది గానీ, మిషను తుడిచే సీసా షెడ్డులో ఎప్పుడూ ఉండేదే. పొద్దున తను తుడిచిన లుంగీ ముక్కకే ఆ తడి అంటిందేమో. తన కళ్ళకే కనబడలేదేమో. ఎంతసేపు ఆలోచించినా అన్ని దారులూ తన చేతి దగ్గరికే వస్తున్నాయి.

సాయంత్రం నరేంద్రబాబు వచ్చి చూసి, అరవలేదు. అరిచినా బాగుండేది.

"నీ పేరు చూసి ఇచ్చినా బీబమ్మా."

"తప్పు జరిగింది బాబూ. మళ్ళీ తీస్తా."

"బుధవారం దాకా చూస్తా. లేదంటే కావల్లో బస్టాండు వెనక ఎవరో కొత్తగా షాపు పెట్టినారంట, వాళ్ళకిస్తా. పెద్దదానివైనావు. చేతగాని పని పెట్టుకుని పేరు చెడగొట్టుకోబాకు."

అప్పటికే ఊళ్ళో ఆ మాట తిరుగుతూ ఉంది. బీబమ్మకి చూపు పోయిందంట. ఇంకెవరూ తొట్లు ఇయ్యబాకండి.

శనివారం అబిగయీలు రాలేదు. షాహిదాబీ ఒక్కతే ఆరు వందల కాగితం తడిపి, వెనక పలక పైమూలన చెయ్యి పెట్టింది. నాలుగు పట్టీలు వేసిందో లేదో, నెర్రెలు చేతిలోకి రావడం మొదలుపెట్టినాయి. సన్నగా, చలిచీమల బారులాగా. వాటితోపాటు వాటిని చేసిన చెయ్యి కూడా వచ్చింది.

అడ్డంగా ఒకసారి. నిలువుగా ఒకసారి. పట్టీ మీద సగం పడేటట్టు ఇంకో పట్టీ. నాలుగు వేళ్ళ ఒత్తిడి. చిటికెన వేలు లేచి ఉంది.

షాహిదాబీ చెయ్యి వెనక్కి తీసుకుంది. బకెట్లో ముంచి కడుక్కుంది. కడిగితే పొయ్యేవి కావని ఆమెకి తెలుసు, అయినా కడుక్కుంది.

పది గంటల బస్సెక్కి కావలి పోయింది. బస్టాండు వెనక సందులో కొత్త రంగు వాసన కొడుతున్న బోర్డు. కింద నిలబడి ఒక్కో అక్షరం చదివింది. అ. బి. గ. ఆ తరవాతి అక్షరం దగ్గర ఆమె తడుముకోలేదు. నలభైసార్లు రాసిన అక్షరం. ఆ అక్షరాలు రాకపోతే ఆ బోర్డు తనకి ఏమీ చెప్పేది కాదు గదా అనుకుంది. నేర్పింది కూడా అబిగయీలే, చదివించింది కూడా అబిగయీలే.

అబిగయీలు లోపలినుంచి వచ్చి, గడపలో ఆగిపోయింది. షాహిదాబీ అరుగు మీద కూర్చుంది.

"రంగు ఆరలేదే ఇంకా" అంది.

"నిన్న వేసినారు."

"నిన్న శుక్రవారం."

షాహిదాబీ అరచెయ్యి తెరిచి చూపించింది. కొత్త గీతలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"తొమ్మిదేళ్ళు బీబమ్మా" అంది అబిగయీలు, గొంతు పెద్దది చేసి. "ఏడాదికొకసారి అడిగినా. 'ఇంకో ఏడాది ఆగు, ఇంకో ఏడాది ఆగు.' నా చెయ్యి బరువు ఏనాడో పోయింది. నాకు తెలుసు. నీకూ తెలుసు. తెలీదను చూద్దాం!"

షాహిదాబీ తెలీదనలేదు.

"నువ్వు ఉన్నంతకాలం నీ పేరే. నరేంద్రబాబు నా మొహాన్నే అన్నాడు, 'ఆమె చెయ్యలేని రోజు రానీ, అప్పుడు చూద్దాం' అని. ఆ రోజు ఎప్పటికి వస్తది బీబమ్మా? నాకు ముప్పై నాలుగు వచ్చినాయి."

"అందుకని ఆ రోజుని నువ్వే తెచ్చినావా?"

"అవును."

"నేను నేర్పిన చేత్తోనే."

అబిగయీలు తల దించుకుంది. అప్పుడే ఆమెకి ఏదో తోచింది. తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుంది.

"రుద్దుతావా దాన్ని?"

"బుధవారం దాకా గడువు ఇచ్చినాడు."

"రుద్దితే నా చేతికి పని పోతది బీబమ్మా! అడ్డం, నిలువు, పట్టీ మీద పట్టీ... అదే చేత్తో తుడిచినా నేను. సంజీవరావుకి విసరడం పోయినట్టు నాకు ఇది మొత్తం పోతది. రుద్దబాకు. నీకు దణ్ణం పెడతా."

"రుద్దకపోతే నా పేరు పోతది."

"నీకు అరవై దాటినాయి."

అనేసిన తరవాత అబిగయీలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. షాహిదాబీ లేచి, చీర వెనక దుమ్ము దులుపుకుని, బస్టాండు వైపు నడిచింది.

ఆదివారం రుద్దింది. సోమవారం రుద్దింది. తన ఇంట్లో అన్నం తిన్న చెయ్యి, తన చేత "యీ" రాయించిన చెయ్యి పట్టీ తరవాత పట్టీగా అరచేతిలోకి వచ్చి కూర్చుంటుంటే ఒక్కోసారి కాగితం పడేసి ఏడ్చేది. ఏడ్చి మళ్ళీ తడుపుకునేది. కోపం కాగితానికి మంచిది కాదు, గుంటలు పడతాయి. అందుకని కోపాన్ని కూడా తేలిగ్గా పట్టుకోవాల్సి వచ్చింది. తనదీ ఒక తప్పు ఉందని తెలుస్తూనే ఉంది. తెలిసినంత మాత్రాన మంట తగ్గలేదు.

మంగళవారం మధ్యాహ్నం శేషమ్మ మజ్జిగ చెంబుతో వచ్చింది. ముందు పలక తేటపడింది. వెనక పలకలో కింద మూల ఒక్కటే మిగిలింది.

"ఎవరో తెలిసిందా?" అంది శేషమ్మ.

షాహిదాబీ తలూపింది. శేషమ్మ పేరు అడగలేదు. ఊళ్ళో అడగకుండానే తెలిసే సంగతులు కొన్ని ఉంటాయి.

"అయితే రేపటికి ఆ పిల్లకి గుర్తుండదు. నీ ఎదురుగా వచ్చి 'బాగుండావా బీబమ్మా' అంటది. నవ్వతా అంటది. నువ్వు కూడా నవ్వాల. అది చానా కష్టం. నేను చేస్తానే ఉండా గదా, ఆరేళ్ళ నుంచి."

షాహిదాబీ చేతిలో మజ్జిగ అట్లాగే ఉండిపోయింది. ఆరేళ్ళుగా ఈమె తన గడపలోకి వచ్చి చెపుతున్నది ఇదా. తను నవ్వి ఊరుకున్నది దీనికా.

"శేషమ్మా, నీ తొట్టిలో నేను కొంచెం వదిలిపెట్టి ఉండాల్సింది."

"ఉండాల్సింది" అంది శేషమ్మ. చెంబు తీసుకుని పోయింది.

షాహిదాబీ మిగిలిన మూల వైపు చాలాసేపు చూసింది. జానెడు మసక. మెల్లగా వేలి కొసతో దాని అంచు తాకింది. తిన్నర్ గుడ్డ పట్టుకున్న అబిగయీలు చెయ్యి అక్కడ నిదానించింది. గుడ్డ ఆగిపోయి, మళ్ళీ కదిలి, ఆ మూలలోనే పూర్తిగా ఆగిపోయింది. ఆమె దాన్ని రుద్దలేదు. చుట్టూ ఉన్నదంతా తేటగా చేసి, ఆ జానెడు అట్లాగే ఉంచి, లుంగీ ముక్కతో తొట్టి తుడిచింది.

బుధవారం నరేంద్రబాబు తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగినాడు. ఎక్కడుందో తెలియక మోకాలు కొట్టుకున్నాడు. నొప్పికి "అబ్బా" అని, ఆ తరవాత తొట్టి చూసి మళ్ళీ "అబ్బా" అన్నాడు.

"వెనక కింద మూల జానెడు వదిలినా బాబూ. గులకరాళ్ళు పోస్తే కనబడదు. దాన్ని మాత్రం ఎవరి చేతా తీయించబాకు."

"నువ్వు చెప్పినాక ఇంకేముంది బీబమ్మా. మిగతా తొట్లు సోమవారం పంపిస్తా."

ఊళ్ళో ఈసారి వేరే మాట తిరిగింది. షాహిదాబీకి చూపు మళ్ళీ వచ్చింది.

కావలి సంగతులు బస్సులో వచ్చేవి. బస్టాండు వెనక షాపు తెరిచినామె కాగితం పట్టుకుని తొట్టి ముందు ఊరికే నిలబడతా ఉందంట. ఒక మూలన జానెడు మేర అద్దంలాగా చేస్తదంట, ఆ పక్కకి చెయ్యి పోదంట. వచ్చిన రెండు తొట్లూ తిప్పి పంపించిందంట. నెల తిరక్కముందే బోర్డు దించేసినారు.

ఆ తరవాత ఒక పొద్దున, కాగితాలు ఇంకా నానుతుండగా, గడప దగ్గర నీడ పడింది.

"బీబమ్మా."

షాహిదాబీ తల ఎత్తలేదు. నవ్వుతూ "బాగుండావా" అంటుందేమోనని ఒళ్ళంతా బిగబట్టుకుంది. అబిగయీలు ఆ మాట అనలేదు. గడప దాటి లోపలికి కూడా రాలేదు.

"నా చేతికి పని పోయింది."

"తెలుసు."

"జానెడే గుర్తుంది. ఒక మూల తుడుస్తా ఉండా. నీ తొట్టే అది. కళ్ళమ్మట నీళ్ళు కారతా ఉండాయి. దానికి ముందు ఏం చేసినానో, నువ్వు కావలికి ఎందుకొచ్చినావో తెలీటంలా. చెడ్డపనే చేసుంటా, లేకపోతే అంత ఏడుపు ఎందుకు? ఎంత చెడ్డదో నువ్వు చెప్పు బీబమ్మా. ఆ జానెడూ రాత్రీ పగలూ నన్ను కూర్చోనియ్యటంలా."

షాహిదాబీ కుడిచెయ్యి తుడుచుకుని, అరచెయ్యి పైకి తిప్పి, మోకాలి మీద పెట్టుకుంది.

"నాకు చదువు చెప్పింది నువ్వే గదా. ఇప్పుడు నువ్వు చదువు."

అబిగయీలు గడప అవతలే మోకాళ్ళ మీద కూర్చుని, ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. వేలు పెట్టి చదివింది. పట్టీ తరవాత పట్టీ, ఎక్కడా వదలకుండా, చిటికెన వేలు పైకి లేపి. తలుపు సందులోంచి పడిన ఎండ మొదటి బకెట్టు దాటి రెండో బకెట్టు దగ్గరికి పోయింది. అంతా అయినాక అబిగయీలు ఆ చేతి వేళ్ళు తనే మెల్లగా మూసింది.

"ఇదంతా నేనేనా?"

"నువ్వే."

షాహిదాబీ ఆ చేతిని వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"నీ చెయ్యి బరువు నాలుగేళ్ళ కిందటే పోయింది" అంది షాహిదాబీ. "అది నేను చెప్పలా. ఎందుకో నాకే తెలీదు. దానికీ దీనికీ చెల్లు అనుకోబాకు. నాకు ఇంకా మండతానే ఉంది."

"మండనీ బీబమ్మా" అంది అబిగయీలు. "నాకు తెలిసేటట్టు మండనీ."

షాహిదాబీ బకెట్లోంచి నాలుగు వందల నంబరు కాగితం ఒకటి తీసింది. నిలువునా మడిచి, రెండు ముక్కలు చేసింది. ఒకటి తన చేతిలో ఉంచుకుంది. రెండోది బకెట్టు అంచు మీద పెట్టి, నరేంద్రబాబు పంపిన తొట్టి వైపు తిరిగి, అడ్డంగా మొదటి పట్టీ వేసింది.

వెనక గడప దాటిన చప్పుడైంది. తడి కాగితం తీసుకున్న చప్పుడు. ఆ తరవాత ఏ చప్పుడూ లేదు. షాహిదాబీ తొట్టి పలకలో చూసింది. మసగ్గా, పొగలో కనబడినట్టు, అబిగయీలు కాగితాన్ని అటూ ఇటూ చూసుకుని, గరుకు వైపు తన అరచేతికి పెట్టుకుంటూ కనబడింది.

"తిప్పి పట్టుకో" అంది షాహిదాబీ, చెయ్యి ఆపకుండానే.